పన్నెండింటి ఎండతో మర్నాటి స్నానం: గీజర్‌ని సోలార్ వేళకు మార్చుకోవడం ఎలా

మా అమ్మ కల్యాణదుర్గం నుంచి బెంగళూరు కేఆర్ పురంలోని మా ఇంటికి వచ్చిన మర్నాడే పట్టేసింది. మిట్టమధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ స్నానం చేసే వేళ కాదు, గీజర్ ఎర్రలైటు వెలుగుతోంది. "ఎవురు పోసుకుంటారని ఏసినావురా ఇప్పుడు? కరెంటేమన్నా ఊరికే వస్తాందా?" అంది. "రేపు పొద్దున నువ్వు పోసుకునేవే ఇవి" అన్నాను. నమ్మలేదు. తెల్లారి ఐదున్నరకు లేచి, స్విచ్చి ముట్టుకోకుండా కుళాయి తిప్పి, వేలు పెట్టి చూసి, "కాలుతాండాయి కదరా" అంది. తర్వాత తనే చెప్పింది, చిన్నప్పుడు వాళ్లింట్లో రాత్రి వంటయ్యాక పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద రాగి అండా పెట్టేవాళ్లట, పొద్దున్నే ముసలివాళ్లకు ఆ నీళ్లేనట. నేను చేసిందీ అదే. నిప్పుల బదులు ఎండ.

ఈ పని మీ ఇంట్లో ఎలా చేసుకోవాలో చెబుతాను. ముందు ఎందుకో రెండు ముక్కలు.

బెంగళూరులో పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది దాకా ఇంటింటా గీజరే. అప్పటికి ఎండ సరిగ్గా ఎక్కదు కాబట్టి ఆ కరెంటు చాలావరకు బొగ్గు నుంచో, శరావతి నది మీది జలవిద్యుత్ నుంచో రావాలి. మేం ఊరికి వెళ్లే దారిలో పావగడ తగులుతుంది. ఆ తాలూకాలోని సోలార్ పార్కు 2,050 మెగావాట్లది, దాదాపు 13,000 ఎకరాల్లో పరిచారు. రైతులు భూమి అమ్ముకోకుండా ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల లెక్కన కౌలుకిచ్చి మొదలుపెట్టారు. మధ్యాహ్నం పన్నెండింటికి అది నిండుగా పనిచేస్తుంటే, నగరంలో గీజర్లన్నీ చల్లగా పడుకుని ఉంటాయి. కరెంటుకు దాచుకునే గాదె లేదు. పుట్టినంతా అప్పుడే ఖర్చు కావాలి, లేకపోతే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలవదు. పెద్ద బ్యాటరీలు పెట్టొచ్చు, ఖరీదు. వేడినీళ్ల డ్రమ్ము మాత్రం ఇప్పటికే మన బాత్రూముల్లో తలపైన వేలాడుతోంది. దాన్ని నింపే వేళ మార్చడమే పని.

చలిదేశాలు దీన్ని ఎప్పుడో మొదలుపెట్టాయి. డెన్మార్క్‌లో మూడింట రెండొంతుల ఇళ్లకు ఊరుమ్మడి వేడినీళ్ల పైపులున్నాయి. గాలి బాగా వీచి కరెంటు చవకైన గంటల్లో పెద్ద ఎలక్ట్రిక్ బాయిలర్లు వేసి నీళ్లు కాచి, భారీ ట్యాంకుల్లో నిలవ చేస్తారు. ఫ్రాన్స్‌లో కరెంటు కంపెనీ పంపే సంకేతంతో రాత్రిపూట గీజర్లు వాటంతటవే వెలగడం దశాబ్దాల నాటి అలవాటు. స్మార్ట్ గ్రిడ్ అంటే పెద్ద మాటగానీ, లోపల ఉన్నది ఇంతే: కరెంటు ఎప్పుడు పుష్కలంగా ఉందో అప్పుడు వాడే బుద్ధి యంత్రానికి నేర్పడం.

మొదటి పని: మీ గీజర్ తిండి ఎంతో కొలవండి

ముందు గీజర్ ఏ రకమో చూడండి. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరైతే ఈ వ్యాసం మీకు పనికిరాదు. అది దాచుకోదు, తిప్పినప్పుడే కాస్తుంది, అదీ 3 కిలోవాట్లు లాగుతూ. స్టోరేజ్ గీజర్ కావాలి, 15 లీటర్లయినా, 25 అయినా.

లెక్క తేలిక. లీటర్లను పెరగాల్సిన డిగ్రీలతో గుణించి 860తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. 25 లీటర్లు, 25 డిగ్రీల నుంచి 62 డిగ్రీలకు: 25 ఇంటూ 37, బై 860. ఒక యూనిట్ మీద చిల్లర. నలుగురున్న ఇంట్లో పొద్దున రెండుసార్లు కాగితే రోజుకు రెండు యూనిట్ల పైచిలుకు, నెలకు 65 దాకా.

కాగితం మీద లెక్క నమ్మకపోతే మీటర్ దగ్గరకు వెళ్లండి. ఎర్రగా మిణుకుమనే చిన్న లైటు ఉంటుంది, పక్కన కిలోవాట్ అవర్‌కు 1600 అనో 3200 అనో రాసి ఉంటుంది. అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్. ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి గీజర్ ఒక్కటే వెయ్యండి. 3200 మీటరైతే, 2 కిలోవాట్ల గీజర్‌కు నిమిషానికి వంద దాటి మిణుకుతుంది. నాకు లెక్కపెట్టలేక కళ్లు తిరిగాయి, ఫోన్లో వీడియో తీసుకుని నెమ్మదిగా చూశాను.

రెండో పని: మీకు లాభమా కాదా తేల్చుకోండి

ఇక్కడ చాలామంది అమ్మకందారులు నిజం చెప్పరు. అందుకే కాస్త ఎక్కువసేపు కూర్చుందాం.

మీ మేడ మీద ప్యానెళ్లు ఉన్నాయి, నెట్ మీటరింగ్ ఉంది అనుకుందాం. మధ్యాహ్నం మీరు గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్, పొద్దున గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్ బిల్లులో చెల్లుకు చెల్లు. గీజర్ పొద్దున వేసినా మధ్యాహ్నం వేసినా మీ బిల్లు దాదాపు మారదు. కాబట్టి "వేళ మారిస్తే బిల్లు సగమవుతుంది" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

మరి లాభమెక్కడ? మూడు చోట్ల.

ఒకటి, మీరిచ్చే యూనిట్‌కు మీరు కొనే యూనిట్ కంటే తక్కువ ధర కట్టే ఒప్పందాల్లో. అక్కడ ఇంట్లోనే కాల్చుకున్న ప్రతి యూనిట్ మిగులే.

రెండు, రోజులో వేళను బట్టి రేటు మారే టారిఫ్‌లో. కేంద్రం 2023లో వినియోగదారుల హక్కుల నియమాలను సవరించింది. స్మార్ట్ మీటర్ ఉన్నవాళ్లకు సోలార్ గంటల్లో, అంటే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ నిర్ణయించే 8 గంటల్లో, మామూలు రేటు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలని, రద్దీ గంటల్లో ఇళ్లకు కనీసం 1.1 రెట్లు ఉండాలని అందులో ఉంది. మీ బిల్లులో టీఓడీ (టైమ్ ఆఫ్ డే) అనే వరుస కనిపిస్తే, మేడ మీద ఒక్క ప్యానెల్ లేకపోయినా, అద్దె ఇల్లయినా, వేళ మార్చిన నెల నుంచే తేడా తెలుస్తుంది.

మూడోది ఎవరూ చూడనిది. మీ బెస్కాం (బెంగళూరు కరెంటు సరఫరా సంస్థ) బిల్లులో ఫిక్స్‌డ్ ఛార్జీ మంజూరైన లోడ్ మీద, కిలోవాట్‌కు ఇంత అని పడుతుంది. పొద్దున ఏడింటికి రెండు గీజర్లు, ఇండక్షన్ స్టవ్, మోటార్ ఒకేసారి నడిస్తే ఎండీ, అంటే ఆ నెలలో తాకిన గరిష్ఠ డిమాండ్, 5 కిలోవాట్లు దాటుతుంది. గీజర్ని మధ్యాహ్నానికి జరిపి, రెండో గీజర్ దాని తర్వాతే వెలిగేలా చేస్తే ఎండీ దిగుతుంది. కొన్ని నెలలు వరసగా అలా ఉంటే లోడ్ తగ్గించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు.

కర్ణాటక ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో ఉన్నవాళ్లకు వేళ కంటే సంఖ్య ముఖ్యం. నెలకు 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాలి. ఆ గీత దాటించేది చాలా ఇళ్లలో గీజరే. మీరు వేళ సంగతి వదిలేసి, కింద సోలార్ వాటర్ హీటర్, హీట్ పంప్ గురించి రాసిన చోటికి వెళ్లండి.

మూడో పని: ట్యాంకు వేడి ఎంతసేపు నిలుస్తుందో పరీక్షించండి

మధ్యాహ్నం కాచిన నీళ్లు పొద్దుటికి ఉంటాయా అన్నదే అందరి అనుమానం. నాకూ అదే టెన్షన్. వంద, నూటయాభై రూపాయల్లో దొరికే ప్రోబ్ థర్మామీటర్ ఒకటి కొనండి. మధ్యాహ్నం రెండింటికి గీజర్ ఆగాక ఒక మగ్గు నీళ్లు పట్టి కొలవండి. మళ్లీ రాత్రి తొమ్మిదికి, పొద్దున ఆరింటికి. పైపులో నిలిచిన చన్నీళ్లు పోయేదాకా వదిలి అప్పుడు పట్టాలి.

మా 25 లీటర్ల గీజర్‌లో రెండింటికి 62 డిగ్రీలు, మర్నాడు ఆరింటికి 49. పదహారు గంటల్లో 13 డిగ్రీలు పోయాయి, అంటే లెక్క ప్రకారం 0.38 యూనిట్. ఇది నష్టమే, దాచిపెట్టను. అయినా 49 డిగ్రీల నీళ్లు ఒంటికి పోసుకోలేం, చన్నీళ్లు కలపాలి. 24 డిగ్రీల కుళాయి నీళ్లు కలిపి 40కి తెస్తే ఆ 25 లీటర్లు 39 లీటర్లవుతాయి. రెండు బకెట్లు. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు అనే సామెత ఇక్కడ అక్షరాలా లెక్క.

ఇద్దరున్న ఇంటికి ఇది చాలు. నలుగురికి నాలుగు బకెట్లు కావాలంటే ఇదే పద్ధతిలో 50 లీటర్ల గీజర్ కావాలి, లేదా ఇద్దరు రాత్రి పోసుకోవాలి. మా ఇంట్లో రెండోదే జరిగింది. ఆఫీసు నుంచి వచ్చాక స్నానం అలవాటైంది, ఓఆర్‌ఆర్ దుమ్ము ఎలాగూ కడుక్కోవాలి. మీ గీజర్‌లో పొద్దుటికి 45 కంటే కిందికి పడిపోతోందంటే ఇన్సులేషన్ పోయినట్టే, కొత్తది కొనేటప్పుడు బీఈఈ నక్షత్రాలు ఎక్కువున్నది తీసుకోండి. ఆ నక్షత్రాలు కొలిచేది ఊరికే నిలబడి పోగొట్టుకునే వేడినే.

థర్మోస్టాట్‌ను 60 కంటే కిందికి తగ్గించొద్దు. గోరువెచ్చని నీళ్లలో, ముఖ్యంగా 20, 45 డిగ్రీల మధ్య, లీజియొనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. రోజుకోసారి ట్యాంకు 60 తాకితే ఆ బాధ లేదు. పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే బకెట్‌లో ముందు చన్నీళ్లు పట్టి, ఆ తర్వాతే వేడివి పట్టే అలవాటు చెయ్యండి. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మం కాలుస్తాయి.

నాలుగో పని: టైమర్ బిగించండి, చవకది మాత్రం కాదు

నేను చేసిన తప్పు వినండి. మొదట ఆన్‌లైన్లో ఒక స్మార్ట్ ప్లగ్ కొన్నాను. పెట్టె మీద 10 ఆంపియర్లు అని ఉంది. 2 కిలోవాట్లను 230 వోల్టులతో భాగిస్తే 8.7 ఆంపియర్లే కదా, సరిపోతుందనుకున్నాను. పదకొండో రోజు బాత్రూమ్ బయట ప్లాస్టిక్ కాలిన వాసన. ప్లగ్ తీస్తే ఒక పిన్ను చుట్టూ గోధుమరంగు వలయం, సాకెట్ మూత కొంచెం కరిగి వంగింది. హీటర్ లాంటిది గంటసేపు ఆగకుండా లాగుతుంది, అంచున ఉన్న రేటింగ్ దానికి నిలవదు.

తర్వాత మెకానికల్ టైమర్ పెట్టాను, తిప్పే చక్రం ఉన్నది. అది కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోతుంది. మా ఏరియాలో పోతూ వస్తూ ఉంటుంది. నెల తిరిగేసరికి పన్నెండున్నరది ఐదింటికి వెలుగుతోంది. సోలార్ వేళ కాదు కదా, సరిగ్గా సాయంత్రం రద్దీలో.

ఇప్పుడున్నది ఇది: డిస్ట్రిబ్యూషన్ బోర్డులో బిగించే డిజిటల్ టైమర్, లోపల గడియారానికి సొంత బ్యాటరీ. అది 25 ఆంపియర్ల కాంటాక్టర్‌ను, అంటే పెద్ద కరెంటును మోసే స్విచ్చిని, నడుపుతుంది, గీజర్ కరెంటు కాంటాక్టర్ గుండా పోతుంది, టైమర్ గుండా కాదు. గీజర్‌కు విడిగా 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు తెంపేది), 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది) ఉన్నాయో లేవో అదే రోజు చూపించుకోండి. ఇది ఎలక్ట్రీషియన్ పని, మీరు చెయ్యొద్దు. ఎప్పుడైనా చుట్టాలొస్తే వాడుకోవడానికి ఒక బైపాస్ స్విచ్చి కూడా అడగండి. ఆ స్విచ్చి లేకపోతే ఇంట్లో మీ పరువు పోతుంది, ఒక ఆదివారం తలంటు రోజు నాకు పోయింది.

ఐదో పని: వేళ ఎంచుకోండి

బెంగళూరులో సూర్యుడు నడినెత్తికి వచ్చేది సరిగ్గా పన్నెండింటికి కాదు, ఏడాది సగటున పన్నెండూ ఇరవై ప్రాంతంలో. మబ్బు లేని రోజు 3 కిలోవాట్ల ప్యానెళ్లు ఆ వేళ 2.2 కిలోవాట్ల చుట్టూ ఇస్తాయి. 2 కిలోవాట్ల గీజర్‌కు సరిపోతుంది. పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా పెడితే చాలు, నీళ్లు కాగగానే థర్మోస్టాట్ టక్కున ఆపేస్తుంది. రెండో గీజర్ ఉంటే ఒకటిన్నర నుంచి మూడు.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బు. అప్పుడు ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ యాప్‌లో గీత రంపంలా కనిపిస్తుంది. గంట ఎక్కువ పెట్టుకోండి, మీ మేడ ఇవ్వకపోయినా పర్లేదు. ఆ నెలల్లోనే చిత్రదుర్గ, గదగ్ వైపు గాలిమరలు జోరుగా తిరుగుతాయి.

ఒక అపోహ తీసేయాలి. కరెంటు పోతే మేడ మీది ప్యానెళ్లు గీజర్ నడపవు. గ్రిడ్‌కు కట్టిన ఇన్వర్టర్, లైన్ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం, వెంటనే ఆగిపోతుంది.

సోలార్ వాటర్ హీటర్ ఇప్పటికే ఉంటే

బెంగళూరు మేడల మీద నల్లగొట్టాలు, వాటిపై అడ్డంగా పడుకున్న డ్రమ్ము లేని వీధి ఉండదు. నా మాట అడిగితే, వేడినీళ్లకు ఇంతకంటే చవకైన దారి లేదు. వంద లీటర్లది నలుగురికి సరిపోతుంది. అయితే వాటిలో ఒక కరెంటు కాయిల్ కూడా ఉంటుంది, మబ్బు రోజుల కోసం. అందరూ దాన్ని పొద్దున ఐదింటికి వేస్తారు. అదే తప్పు. ట్యాంకు నిండా కరెంటుతో కాగిపోతే, వాడకుండా మిగిలిన వేడి ఆ రోజు ఎండకు చోటివ్వదు.

కాయిల్‌ను కూడా టైమర్ మీద పెట్టి మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య ఒక గంట మాత్రమే వెలిగేలా, థర్మోస్టాట్ 60 దగ్గర ఉండేలా చెయ్యండి. ఎండ పని అప్పటికి అయిపోయి ఉంటుంది, తక్కువపడ్డ పది డిగ్రీలో పదిహేను డిగ్రీలో కరెంటు నింపుతుంది. ఎండ బాగా కాసిన రోజు కాయిల్ అసలు వెలగదు.

బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో అయితే గాజు గొట్టాల్లో తెల్ల పొక్కు, అంటే నీళ్లలోని ఉప్పుల పెచ్చు, కడుతుంది. కొత్తది పెట్టేవాళ్లు, గాజు గొట్టాల బదులు పలక ఉండే ఫ్లాట్ ప్లేట్ రకం, అదీ మీ నీళ్లు పలకలోకి పోకుండా వేడిని మాత్రమే అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్నది అడగండి.

గీజర్ చచ్చిపోయినప్పుడు హీట్ పంప్

ఫ్రిజ్ లోపలి వేడిని బయటకు తోసేస్తుంది, వెనక చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది కదా. హీట్ పంప్ అదే పని తిరగేసి చేస్తుంది: బయటి గాలిలో వేడి లాగి నీళ్లకిస్తుంది. ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి దాకా వస్తుంది. ఐరోపా చలిలో ఆ యంత్రం కష్టపడుతుంది. డిసెంబరులో కూడా మధ్యాహ్నం పాతిక డిగ్రీలుండే బెంగళూరు దానికి పుట్టిల్లు.

ఇంకో సుఖం, చాలావాటి లాగుడు ఒక కిలోవాట్ లోపే. 2 కిలోవాట్ల గీజర్ మబ్బు రాగానే గ్రిడ్ మీద పడుతుంది, హీట్ పంప్ చిన్న ప్యానెళ్ల కిందే మూడు గంటలు నిదానంగా కాస్తుంది. గుండెకాయ లాంటి కంప్రెసర్ ఉంది కాబట్టి చప్పుడు చేస్తుంది, చల్లగాలి వదులుతుంది, నీళ్లు కారుస్తుంది. పడకగది కిటికీ పక్కన వద్దు. యుటిలిటీ బాల్కనీలో పెట్టి డ్రెయిన్ పైపు ఇవ్వండి. ధర గీజర్‌కు కొన్ని రెట్లు. ఇద్దరున్న ఇంటికి నేను చెప్పను. ఆరుగురున్న ఇంటికి, పీజీ హాస్టల్‌కు, చిన్న లాడ్జికి కళ్లు మూసుకుని చెబుతాను.

ప్యానెళ్లే లేకపోతే

మేడ మీద ప్యానెళ్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయలకు మించదు. దేశంలోనే తయారైన సెల్స్ ఉన్న ప్యానెళ్లకే సబ్సిడీ, కొటేషన్‌లో డీసీఆర్ అని రాయించుకోండి. జాతీయ పోర్టల్‌లో ఆర్‌ఆర్ నంబరుతో (బెస్కాం బిల్లు మీద ఉండే కనెక్షన్ నంబరు) దరఖాస్తు, బెస్కాం అనుమతి, నమోదైన విక్రేత, బిగింపు, రెండు వైపులా లెక్కించే మీటరు, తనిఖీ, ఆ తర్వాత బ్యాంకులో డబ్బు. బెంగళూరులో ఒక కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది, గీజర్ ఒక్కదానికే అయితే, రోజు యూనిట్ల లెక్కలో, ఒక కిలోవాట్ చాలు.

అపార్ట్‌మెంట్లలో అసోసియేషన్ పేరిట ఉమ్మడి సదుపాయాలకు కిలోవాట్‌కు 18,000 చొప్పున వస్తుంది, ఇంటికి 3 కిలోవాట్ల లెక్కన, 500 కిలోవాట్ల దాకా. లిఫ్టు, పంపులు వేరే సంగతి, ఉమ్మడి వేడినీళ్ల ట్యాంకున్న కాంప్లెక్సులైతే జనరల్ బాడీ మీటింగ్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న: ఆ హీట్ పంప్ టైమర్ ఇప్పుడు ఎన్నింటికి పెట్టి ఉంది? మా పక్క లేఅవుట్‌లో తెల్లవారుజామున మూడు. వాచ్‌మన్‌కు ఎవరో ఎప్పుడో చెప్పి వెళ్లారు, అంతే.

ఏడాదికోసారి

గీజర్ లోపల మెగ్నీషియం ఆనోడ్ కడ్డీ ఉంటుంది, ట్యాంకు బదులు అది తుప్పు పడుతుంది. బోరు నీళ్ల ఇళ్లలో ఏడాదికోసారి తీయించి చూడండి, పెన్సిల్ అంత సన్నమైపోతే మార్చండి. కాయిల్ మీద పొక్కు కూడా అప్పుడే గీకిస్తారు. పొక్కు మందంగా ఉంటే కాగడానికి ఎక్కువసేపు పట్టి, టైమర్ గడువు లోపల నీళ్లు 60 అందుకోవు, మీరు టైమర్‌ను తిడతారు.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు టైమర్ ఆపేసి వెళ్లండి. తిరిగొచ్చిన రోజు ఒకసారి నిండుగా కాగనిచ్చి, కుళాయిలు తిప్పి ఆ మొదటి నీళ్లు వదిలేసి, ఆ తర్వాతే స్నానానికి పట్టుకోండి.